వాసన లేని గాలి

ఆమె పోయిందని నాకు సమ్మయ్యే ఫోన్ చేసి చెప్పాడు. బడికి వెళ్లడానికి చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నాను. "అక్కా, టీచరమ్మ పోయింది" అన్నాడు. మేం ఇదివరకున్న వీధి చివర టీ, మిర్చి బజ్జీల హోటల్ నడుపుతాడు సమ్మయ్య. బొగ్గుబాయిల్లో మొదటి షిఫ్టుకు పోయేవాళ్ల కోసం చీకటితోనే పొయ్యి వెలిగించే మనిషి. ఫోన్లో అతని వెనక గిన్నెల చప్పుడు లేదు, గిరాకీల మాటలు లేవు. హోటల్ మూసేశాడని అప్పుడర్థమైంది.

ఆమె మా బడిలో సైన్సు టీచరు. నేను తెలుగు చెబుతాను. గోదావరిఖనిలో ఒకే ఇంటిలో అటు పోర్షన్ ఆమెది, ఇటు పోర్షన్ మాది; ఈమధ్యే మేం ఊరి అవతలి వైపుకు మారాం. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేది. నూలు చీర కొంగు నడుముకు దోపి, కళ్లద్దాలు దారంతో మెడలో వేలాడేసుకుని నడిచేది. నేను ఆమె పక్కన నడవాలంటే సగం పరుగు పెట్టాల్సి వచ్చేది.

ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే కిటికీ తెరిచేది. అడిగేది కాదు. మా ఊళ్లో కిటికీ తెరవడమంటే మాటలు కాదు. పొద్దున తుడిచిన అలమర మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు, అంత బొగ్గుదుమ్ము. ఎండాకాలమైతే వడగాలికి కర్టెన్లు కూడా కాలుతున్నట్టుంటాయి. అందుకే మేమంతా కిటికీలు బిగించుకుని బతుకుతాం. ఒకసారి మా వీధిలో బాలింత ఉన్న గదిలోకి వెళ్లి రెండు కిటికీ రెక్కలూ బార్లా తీసింది. పసిదాని అమ్మమ్మకు కోపం వచ్చింది. దుమ్మంతా పిల్ల మీద పడుతుందని కేకలేసింది. "దుమ్మైతె తుడుసుకుంటం పెద్దమ్మా, గాలాడకపోతె ఏం జేస్తం?" అని ఈమె అక్కడే నిలబడింది, ఆ కిటికీ మళ్లీ మూయకుండా. ఆ తర్వాత ఆ ఇంటివాళ్లు ఆమెను ఏ శుభకార్యానికీ పిలవలేదు. ఆమె పట్టించుకున్నట్టు కూడా కనిపించలేదు.

ఇంకొక అలవాటు, దేని మీదైనా అరచెయ్యి ఆనించి చూడటం. ఆగి ఉన్న లారీ బానెట్, ఎండలో కాగిన ఇనుప గేటు, నీడలో ఉన్న కుండ, పిల్లల నుదుళ్లు. చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, పక్కనున్నవాళ్లను "ఎంతుంటది చెప్పు" అని అడిగేది. నాకెప్పుడూ సరైన జవాబు తెలిసేది కాదు.

ఆదివారాలు వీధి పిల్లలంతా ఆమె వంటింట్లో ఉండేవారు. రెండు గాజు గ్లాసులు పెట్టేది. ఒకదాంట్లో కుండ నీళ్లు, ఒకదాంట్లో మరిగిన నీళ్లు. రెండింట్లోనూ ఒక్కొక్క చుక్క నీలిమందు. చల్లటి గ్లాసులో ఆ చుక్క దారంలా సాగుతూ, తొందర లేనట్టు కిందికి దిగేది. వేడి గ్లాసులో పడీ పడగానే విచ్చుకుని గ్లాసంతా తానే అయ్యేది. ఎవరూ గరిటెతో తిప్పలేదు కదా, మరి ఎవరు కలిపారు అని అడిగేది. పిల్లలు జవాబు వెతుక్కుంటుంటే తను సాయం చేసేది కాదు. వేడినీళ్ల గిన్నెలో స్టీలు చెంచా, చెక్క గరిటె నిలబెట్టి, వాటి కాడలకు పేరిన నెయ్యితో శనగగింజలు అంటించేది. స్టీలు చెంచా మీది గింజ ముందు జారిపడేది. చెక్క మీది గింజ ఎంతసేపైనా కదిలేది కాదు. దాన్ని చూస్తూ కూర్చోలేక పిల్లలు గోల చేస్తే ఊరుకోమనేది. మెల్లగా వచ్చే వేడిని కూడా చూడటం నేర్చుకోవాలనేది.

అన్నిటికంటే నాకు గుర్తున్నది అత్తరు ఆట. పిల్లలందరినీ కళ్లు మూసుకుని గదిలో దూరం దూరంగా కూర్చోమనేది. మూలకు పోయి అత్తరు సీసా మూత తీసేది. వాసన అందినవాళ్లు చెయ్యెత్తాలి. దగ్గరివాళ్ల చేతులు ముందు లేచేవి, గడప దగ్గరివాళ్లవి చివర. కంటికి కనపడని రేణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, దారి చేసుకుంటూ గదంతా ఎలా నిండాయో అప్పుడు చెప్పేది. ఒక ఆదివారం అలా అయ్యాక, మళ్లీ కళ్లు మూసుకోమని ఖాళీ సీసా మూత తీసింది. ముందు ఒక పిల్ల చెయ్యెత్తింది. ఆ పిల్లను రెప్పల సందులోంచి చూసి ఇంకో ఇద్దరు ఎత్తారు. నేను తలుపు దగ్గర నిలబడి నవ్వబోయాను. ఆమె ముఖం చూసి ఆగిపోయాను.

రానిది వచ్చిందని చెప్పడం దొంగతనం కంటే తక్కువేమీ కాదని ఆ పిల్లలను నిలబెట్టి చెప్పింది. పక్కవాళ్లను చూసి ఎత్తిన చెయ్యి సైన్సులో పనికిరాదంది. వాళ్లు ఏడుపు ముఖాలు పెట్టినా మెత్తబడలేదు. ఆ తర్వాత గొంతు తగ్గించి ఇలా అంది:

"వాసన ఉన్న గాలి మంచిది. చెప్పి వస్తది. చెప్పకుంట వచ్చేది ఒకటుంటది."

పిల్లలకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

అర్థమైంది చాలా రోజుల తర్వాత. బడి నుంచి వస్తూ, మా క్లాసు పిల్ల ఒకతి కళ్లు తిరిగి పడిపోయిందని, వాళ్లమ్మ గాలి తగిలిందంటోందని మాటవరసకు చెప్పాను. ఆమె నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక వచ్చే ఆటోవాడు హారన్ కొడుతున్నా కదల్లేదు. తర్వాత నడుస్తూ, నావైపు చూడకుండా, తన తండ్రి సంగతి చెప్పింది. ఆయనది బెల్లంపల్లిలో బొగ్గుబాయి పని. పని ఆగిపోయిన ఒక పాత సొరంగంలోకి ఎందుకు పోయాడో తెలియదు, పోయాడు. ఇంటికి తెచ్చినప్పుడు ఒంటి మీద గీత కూడా లేదు. ముఖం ఎర్రగా, నిద్రపోతున్నట్టుందట. లేపబోయిందట ఈమె. వచ్చినవాళ్లంతా "గాలి తగిలింది" అన్నారు. వాళ్లు ఏ అర్థంలో అన్నారో గానీ తల్లికి తెలిసింది ఒక్కటే అర్థం. పిల్లలందరి మెడల్లో తాయెత్తులు కట్టింది. వేపమండలతో కొట్టించింది. ఏ దయ్యం తన తండ్రిని పట్టిందా అని ఈమె ఏళ్ల తరబడి భయపడింది. కాలేజీకి వెళ్లాక, కాలీకాలని బొగ్గులోంచి పుట్టే వాసన లేని విషవాయువు గురించి లెక్చరర్ బోర్డు మీద రాస్తుంటే, క్లాసు మధ్యలో లేచి బయటికి వచ్చేసిందట.

"ఒక్కలన్న నన్ను కూసుండవెట్టి నిజం చెప్పలే చెల్లె," అంది. "చెప్తె పోయేదేముండె?"

ఆ కోపం ఆమెలో చివరిదాకా ఉందనే నేననుకున్నాను.

ఇక చాలా ఏళ్ల కిందటి సమ్మయ్య ఇంటి సంగతి. హోటల్ వెనకే వాళ్లిల్లు. ముందు హోటల్ పొయ్యి. దాని గోడకు ఆనుకుని బొగ్గు గది. బొగ్గు గది అవతలి గోడకు ఆనుకుని పడకగది. పైన రేకులు. గోడలు రేకులదాకా పోవు, జానెడు సందుంటుంది. ఆ ఏడాది వానలకు ముందే సమ్మయ్య బొగ్గు గదిలో బొగ్గుపొడి నడుమెత్తు దాకా పోయించాడు. వానలు మొదలైన కొన్నాళ్లకు వాళ్ల నాన్న ఆ పడకగదిలో నిద్రలోనే పోయాడు. ముసలాయన, పైగా దమ్ము మనిషి, ఉబ్బసం. ఎవరికీ అనుమానం రాలేదు, ఆమెకు కూడా. దినాలయ్యాక ఆ గదిలోకి సమ్మయ్య, అతని భార్య స్వరూప మారారు. పెళ్లై ఏడాది కూడా కాని పిల్ల స్వరూప. సమ్మయ్య రోజులో ఎక్కువసేపు హోటల్లోనే ఉండేవాడు.

ఒక శనివారం ఒంటిపూట బడి. గొడుగులు పట్టుకుని వానలో ఇంటికి వస్తున్నాం. హోటల్ మూసి ఉంది. చూరు కింద జనం నిలబడి ఉన్నారు. లోపలి నుంచి సాంబ్రాణి పొగ వస్తోంది. సమ్మయ్య తల్లి మమ్మల్ని చూడగానే ఏడుపందుకుంది.

"ముసలాయన పోతె పోయిండు గని, ఇంటి కోడలును ఇడుస్తలేడు బిడ్డా."

స్వరూపకు కొన్నాళ్లుగా తలనొప్పులు, వాంతులు. దవాఖానకు తీసుకుపోతే పరీక్షలు చేసి గోలీలిచ్చారు. తగ్గకపోతే తల్లిగారింటికి పంపారు. అక్కడ ఇట్టే లేచి తిరిగింది. మొన్న వచ్చింది, మళ్లీ మొదలు. ఇవాళ పొద్దుటి నుంచి పిలిస్తే పలకడం లేదు, పలికితే పొంతన లేని మాటలు. అందుకే పక్క ఊరి నుంచి దయ్యం వదిలించే మనిషిని పిలిపించారు. ఆయన గదిలో పొగ వేయించి, కిటికీకి గోనెసంచి కట్టించి, బయట గొళ్లెం పెట్టించాడు. తను చెప్పేదాకా తలుపు తీయొద్దన్నాడు.

ఆమె ముసలమ్మ మాటలన్నీ విని ఒక్కటే అడిగింది.

"తల్లిగారింటికాడ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. ఈ ఇంట్ల అడుగువెట్టంగనే సురువైంది."

"నువ్వేడ పంటవు అవ్వా?"

"నేను ముందట అరుగు మీద పంట. నాకేమైతది?"

ఆమె గొడుగు నా చేతిలో పెట్టి లోపలికి నడిచింది. పడకగది తలుపు ముందు ఆ మనిషి పీట వేసుకుని కూర్చున్నాడు. సమ్మయ్య గోడకు చేరగిలబడి, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. తలుపు తీయమంది. సమ్మయ్య ఆ మనిషి వైపు చూశాడు. ఆయన లేచి గొళ్లెం మీద చెయ్యేసి, ఇప్పుడు తీస్తే పట్టినది ఇంకొకరి మీదికి దూకుతుందని చెప్పాడు. వెనక నుంచి ముసలమ్మ వచ్చి ఈమె చెయ్యి పట్టుకుంది. నీకు దండం పెడతా, మా ఇంటి సంగతిలో చెయ్యి పెట్టకమ్మా అంటోంది. జనం కూడా లోపలికి వచ్చారు. ఎవరో "పిచ్చి టీచరమ్మ" అనడం నాకు వినపడింది. లోపల మనిషి ఉందన్న చప్పుడే లేదు.

ఆమె వాళ్లెవరితోనూ వాదించలేదు. సమ్మయ్య ముందు మోకాళ్ల మీద కూర్చుని అతని కళ్లలోకి చూసింది.

"గాలి తగిలిందంటున్నరు గద. అవును, తగిలింది. నేను ఎరుగుదు ఆ గాలిని. తలుపు తియ్యి బిడ్డా."

అతను ఎందుకు విన్నాడో ఇప్పటికీ చెప్పలేను. ఆమె తిడుతుందనుకుని ఉంటాడు. తిట్టలేదు కాబట్టి విన్నాడేమో. లేచి, ఆ మనిషిని ఒక్క తోపు తోసి, గొళ్లెం తీశాడు.

పొగ ముఖానికి కొట్టింది. లోపల గోడకు ఆనించిన మంచం మీద స్వరూప వెల్లకిలా పడి ఉంది. బుగ్గలు పసుపు రాసి కుంకుమద్దినట్టు ఎర్రగా ఉన్నాయి. ముసలమ్మ అది చూసి, ముఖంలో కళ వచ్చింది, వదిలిందనుకుంది. నా పక్కన ఆమె కొయ్యబారిపోయింది. గడప మీద కాలు పెట్టి, లోపలికి పోలేక, వెనక్కి రాలేక నిలబడింది. అది ఒక్క క్షణమే. తర్వాత ఆమె గొంతు బడిలో లాగా మోగింది. ఊపిరి బిగబట్టి పోయి, మంచంతోనే బయటికి లాక్కురమ్మంది. సమ్మయ్య, ఇంకొకతను అలాగే చేశారు. మంచాన్ని వాకిట్లో వానలోకి తెచ్చారు. చినుకులు ముఖం మీద పడుతున్నా స్వరూప రెప్ప కదల్లేదు. ఆమె ఆ పిల్ల ముక్కు దగ్గర చెంప ఆనించింది.

"ఉన్నది. ఆటో తెండ్రి, జల్ది."

ఆటో కోసం ఒకతను పరిగెత్తాడు. ఈలోపు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మళ్లీ ఆ గదిలోకి వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించి వచ్చింది. నన్నూ చూడమంది. చూశాను. అంత వానలో, చలిగా ఉన్న పూట, ఆ గోడ జ్వరం వచ్చిన మనిషి ఒళ్లులా కాలిపోతోంది. అవతల ఏముందని అడిగితే బొగ్గు అన్నాడు సమ్మయ్య. వాకిట్లోంచి బొగ్గు గది తలుపు బార్లా తీయించింది. లోపల మంట లేదు, పొగ లేదు. మామూలు నల్లటి కుప్ప. గడపలోంచే గడ్డపారను కుప్పలోకి గుచ్చి వదిలేయమంది. కాసేపటికి లాగించింది. సమ్మయ్య దాని మొన మీద చెయ్యి వేసి, అరిచి వదిలేశాడు. గడ్డపార తడి నేల మీద పడి బుస్సుమంది.

సమ్మయ్య పారందుకుని లోపలికి దూకబోయాడు. ఆమె అతని అంగీ పట్టుకుని లాగింది. చినిగింది కూడా.

"తవ్వితె మంట లేస్తది. లోపలికి పోతె నువ్వు బయటికి రావు. ఫైరింజనుకు ఫోన్ చెయ్యి. వాల్లు వచ్చేదాక ఎవ్వలు గడప దాటొద్దు."

ఆటోలో స్వరూప తల నా ఒళ్లో ఉంది. ఆమె ఆ పిల్ల మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది. కొంతదూరం పోయాక నన్ను మెల్లగా అడిగింది, ముసలాయన మంచం ఎక్కడుండేదని. అదే గోడకు, అన్నాను. ఇక దవాఖాన వచ్చేదాకా ఆమె వానలోకే చూస్తూ ఉంది.

బొగ్గు గాలి పీల్చిందని ఆమె చెప్పగానే డాక్టర్లు ఆక్సిజన్ పెట్టారు. మమ్మల్ని బయట కూర్చోమన్నారు. ఆ వరండాలో గడిచిన సమయం నేనెప్పటికీ మరిచిపోలేను. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడ్డాం. ఆమె ఏ దేవుణ్నీ తలచుకోలేదు. ఆక్సిజన్ వెళ్లి ఆ విషాన్ని రక్తంలోంచి ఎలా తోసేస్తుందో నాకు చెబుతూ కూర్చుంది, చెప్పిందే మళ్లీ చెబుతూ. వింటున్నానని తల ఊపాను. సాయంత్రం కావస్తుండగా నర్సు పిలిచింది. స్వరూప కళ్లు తెరిచి ఉంది. నన్ను గుర్తుపట్టింది. గొంతు పెగల్చుకుని, "దండెం మీది బట్టలు తీసిన్రా?" అని అడిగింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

తర్వాత సమ్మయ్య వచ్చాడు. ఒళ్లంతా బొగ్గు, బురద. ఫైరింజనువాళ్లు కుప్పను బయటికి లాగి తడిపారట. పొయ్యి గోడ వేడికి లోలోపలే రాజుకుని, నడిమధ్యలో నిప్పులా ఉందట. లోపలికి పోయి భార్యను చూసి వచ్చి, వరండాలో ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు. చాలాసేపు తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"టీచరమ్మా," అన్నాడు. "మా నాయిన గూడ గిట్లనే పోయిండా?"

నాకు ఆమె జవాబు తెలుసు. రాని వాసన వచ్చిందన్నందుకు చిన్నపిల్లల్ని నిలబెట్టి ఏడిపించిన మనిషి. నిజం చెప్పలేదని ఊరందరి మీద జీవితాంతం కోపం మోసిన మనిషి. నేను తల దించుకున్నాను.

"కాదు," అంది ఆమె.

సమ్మయ్య తలెత్తాడు.

"మీ నాయినది దమ్ము. అప్పటికి కుప్ప వేడెక్కలే."

"నీకెట్ల తెల్సు?"

"గోడను చూసిన గద. ఇటుక గోడ, ఇనుము గాదు. వేడి అవతలికి రావాల్నంటె మెల్లగ వస్తది. ఈ వేడి మొన్న మొన్నటిది. ఎనకటిదైతె పైన రేకులకాడ సున్నం నల్లగైతుండె. కాలే. నేను చూసిన."

ఎక్కడా తడబడలేదు. క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పింది. ఆ గదిలో ఆమె గోడ మీద చెయ్యి ఆనించి రావడమే నేను చూశాను. తలెత్తి రేకుల వైపు చూడలేదు. ఆ పొగలో చూసినా ఏమీ కనిపించేది కాదు. సమ్మయ్య మాత్రం ఒక్కొక్క మాటా విని, ఆమె మోకాలికి తల ఆనించి, తండ్రి పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు. ఆమె చెయ్యి అతని తల దాకా వెళ్లి, కాసేపు గాలిలోనే ఉండి, చివరికి ఆనింది.

ఇంటికి వస్తూ దారిలో, నేను అడగకముందే, ఆమే అంది.

"నాకు చెప్పనోల్ల మీద ఇన్నేండ్లు కోపం వెట్టుకున్న. వాల్లకు నిజంగనే తెల్వకపోవచ్చు చెల్లె. లేకపోతె నా ముఖం చూసి చెప్పలేకపోయిన్రేమో."

ఆ ఆదివారం వచ్చిన పిల్లల్ని వెనక్కి పంపేసింది. తను గడ్డపార భుజాన వేసుకుని, వీధిలో బొగ్గు నిల్వ ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లింది. ఈసారి ఎవరూ ఆమెను ఆపలేదు. తర్వాతి ఆదివారం మళ్లీ గ్లాసులు, చెంచాలు, నీలిమందు. అత్తరు ఆట మాత్రం ఆ తర్వాత ఎన్నడూ ఆడించలేదు.

సమ్మయ్య గ్యాసు పొయ్యికి మారాడు. ఇల్లు విప్పి కట్టుకున్నాడు. ఆమె రిటైరయ్యాక రోజూ పొద్దున చాయ్ పంపేవాడు. చక్కెర ఎక్కువైందని ఆమె రోజూ తిట్టేది. చివరి రోజున ఆ చాయ్ పట్టుకుని వెళ్లిన స్వరూపే ఆమె కుర్చీలో ఒరిగి ఉండటం చూసింది. గుండె ఆగిందన్నారు.

నేను వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. ఒకప్పటి పిల్లలు చాలామంది వచ్చారు. వాళ్లలో కొందరు ఇప్పుడు డ్యూటీ బట్టల్లోనే ఉన్నారు. పాడె కడుతున్నవాళ్ల దగ్గర్నుంచి సమ్మయ్య లేచి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. జుట్టు నెరిసింది అతనికి.

"దవాఖానల టీచరమ్మ నాకో మాట చెప్పింది. యాదికున్నదా అక్కా?"

ఉందన్నాను.

"ఆ మాట మీదనే బతికిన. ఆ కుప్ప పోసింది నేనే గద." ఆగాడు. "నువ్వు ఎప్పుడు ఆమెతోనే ఉన్నవు. ఆమె ఎన్నడన్న అబద్ధం ఆడిందా?"

అతను నా ముఖంలోకే చూస్తున్నాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"ఆడలే సమ్మయ్యా. ఎన్నడు ఆడలే."

ఇంకా కాసేపు అలాగే చూశాడు. పాడె లేపడానికి మనుషుల్ని పిలుస్తున్నారు. అతను కళ్లు తుడుచుకుని, తువ్వాల భుజం మీద మడిచి వేసుకుని, ముందు వైపు పట్టడానికి వెళ్లాడు.